సూదీ దారం: స్కౌటు చొక్కా, బ్యాడ్జీలు, జేబులో ఒక పాత శుభలేఖ

స్కూళ్లు తెరిచిన నెలలో నాకు వచ్చే ఉత్తరాలు ఎప్పుడూ యూనిఫాంల గురించే. నడుము దగ్గర వదులు, మోకాలి దగ్గర చిరుగు, అలాంటివి. ఈసారి మాత్రం సగానికి పైగా ఒకటే గోల. స్కౌటు చొక్కా మీద బ్యాడ్జీలు ఎలా కుట్టాలి? ఆగస్టు పదిహేను దగ్గరపడుతోంది కదా, పెరేడ్ టెన్షన్ పిల్లలకంటే ఇంట్లోవాళ్లకే ఎక్కువ.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. నేను విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక సందులో ముప్పై నాలుగేళ్లుగా మిషను తొక్కుతున్నదాన్ని. మా అబ్బాయి కూడా స్కౌటే. వాడి చొక్కా మీద నేను చేయని తప్పు లేదు. అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. జాకెట్టు చేతుల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

*

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. ఈ ఏడాదే స్కౌట్స్‌లో చేరాడు. ఒక కవర్లో అయిదారు బ్యాడ్జీలు పెట్టి ఇచ్చారు, ఏది ఎక్కడ కుట్టాలో రాయలేదు. వాణ్ణి అడిగితే ఒకసారి ఎడమ అంటాడు, ఒకసారి కుడి అంటాడు. కాస్త చెప్పండి పిన్నిగారూ.
ఒక తల్లి, రాజాం

జవాబు: ముందు ఆ ఎడమ సంగతి తేల్చుకుందాం తల్లీ, ఎందుకంటే నేను బోల్తా పడింది అక్కడే. ఎడమ అంటే చొక్కా తొడుక్కున్న పిల్లాడి ఎడమ. చొక్కాని మంచం మీద వెల్లకిలా పరిచి మీరు ఎదురుగా కూర్చున్నారనుకోండి, వాడి ఎడమ మీకు కుడిచేతి వైపు వస్తుంది. ఇంత చిన్న విషయం పెరేడ్ ముందురోజు రాత్రి పదకొండింటికి బుర్రకెక్కదు. నేను శుభ్రంగా, ముద్దొచ్చేలా, రెండు జేబుల మీదా బ్యాడ్జీలు తారుమారు చేసి కుట్టాను. తెల్లవారుజామున అయిదింటికి మా వాడు చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుని, "అమ్మా, గుండె ఏ పక్కుంటాదే?" అన్నాడు. అప్పుడు కరెంటు లేదు. కొవ్వొత్తి వెలుగులో రెండూ విప్పి మళ్లీ కుట్టాను. ఆ రోజు నుంచీ చొక్కా పిల్లాడికి తొడిగించి, నిలబెట్టి, వాడి గుండె మీద చెయ్యి వేయించాకే గీత గీయడానికి సబ్బు ముక్క పట్టుకుంటాను. స్కౌట్లు కరచాలనం కూడా ఎడమ చేత్తోనే చేస్తారు. వాళ్లకి ఎడమ బాగానే గుర్తుంటుంది, తికమకపడేది మనమే.

ఇక చోట్లు. ఆకుపచ్చ గుడ్డ మీద పసుపురంగు లిల్లీ పువ్వు, దానిలో మూడాకు, మధ్యలో అశోకచక్రం ఉన్నది మెంబర్‌షిప్ బ్యాడ్జి. అది ఎడమ జేబు మధ్యలో. ప్రవేశ్, అంటే చేరిన కొత్తలోని మొదటి దశ పూర్తయి, ప్రమాణం చేయించాక ఇచ్చేది అదే. ఊదారంగు మీద తెల్ల లిల్లీ, చుట్టూ తాడు ఉన్నది ప్రపంచ స్కౌటు బ్యాడ్జి. అది కుడి జేబు మధ్యలో. అమ్మాయి గైడ్ అయితే ఆ ఊదా బదులు నీలం మీద బంగారురంగు మూడాకు ఉన్నది ఇస్తారు, కంగారు పడకండి. తెల్ల పట్టీ మీద ఎర్ర అక్షరాలున్న వంపు బ్యాడ్జీలు రెండు వస్తాయి. అవి భుజం కుట్టుకి సరిగ్గా కింద, రెండు చేతుల మీదా. సోపాన్ అంటే స్కౌట్లు ఒక్కొక్కటే ఎక్కే మెట్టు, ఆ బ్యాడ్జి ఎడమ చెయ్యి మధ్యలో. వంట, ప్రథమ చికిత్స లాంటివి నేర్చుకుని తెచ్చుకునే ప్రొఫిషియెన్సీ బ్యాడ్జీలు కుడి చేతి మీద. ఏళ్లు లెక్కపెట్టే చిన్న నక్షత్రం ఎడమ జేబుకి పైన. పెట్రోల్ లీడర్, అంటే వాళ్ల చిన్న జట్టుకి నాయకుడు అయితే పట్టీలు కూడా ఎడమ జేబు మీదే, మెంబర్‌షిప్ బ్యాడ్జికి అటూ ఇటూ. అందుకని ఆ బ్యాడ్జిని జేబుకి సరిగ్గా నడిమధ్యన కుట్టండి. రేపు మీ వాడు లీడర్ అయితే పక్కన చోటు ఉండాలి.

గుండ్రటి బ్యాడ్జికి పైన ఏదో కింద ఏదో తెలియక తలకిందులుగా కుట్టినవాళ్లని చూశాను. ఊదా బ్యాడ్జిలో చుట్టూ ఉన్న తాడుకి ఒకచోట ముడి ఉంటుంది. రీఫ్ నాట్ అంటారు, పిల్లాడికి వేయడం వచ్చే ఉంటుంది. ఆ ముడి కిందికి రావాలి. లిల్లీ మొన పైకి. దిక్సూచిలో ఉత్తరం చూపించే ముల్లు మీద ఉండే గుర్తే అది. ఉత్తరం కిందికి చూస్తే పిల్లాడు దారి తప్పడా మరి!

*

ప్రశ్న: అమ్మా, మా ఆవిడ పురిటికి పుట్టింటికి వెళ్లింది. మూడు నెలల దాకా రాదు. నేను జన్మలో బొత్తం కూడా కుట్టలేదు. మా పెద్దాడికి జేబు మీద, చేతి మీద బ్యాడ్జీలు కుట్టాలి. మొదటి నుంచీ చెప్పండి, మొహమాటపడకుండా చెప్పండి.
ఒక తండ్రి, నెల్లిమర్ల

జవాబు: మొహమాటం దేనికి బాబూ, అడిగారు చూడండి, అదే గొప్ప. చాలామంది మగవాళ్లు చొక్కా పట్టుకుని నా దగ్గరికి వచ్చి "అయిదు నిమిషాల పని" అంటారు. అయిదు నిమిషాలది కాదు. మొదటి బ్యాడ్జికి మీకు నలభై నిమిషాలు పడుతుంది. రెండోదానికి ఇరవై.

కొత్త చొక్కా అయితే ముందు ఒకసారి ఉతికి ఆరేయండి. నూలు కలిసిన గుడ్డ మొదటి ఉతుకుకి కాస్త దగ్గరపడుతుంది. బ్యాడ్జి మాత్రం పడదు. ఉతక్కుండా కుట్టేస్తే తర్వాత చొక్కా కుంచించుకుని బ్యాడ్జి చుట్టూ ముడతలు లేస్తాయి, అప్పడంలాగా. ఆ ముడత ఏ ఇస్త్రీకీ పోదు.

కావలసినవి ఇంట్లోనే ఉంటాయి. సన్న సూది, చిన్న కత్తెర, అరిగిపోయిన సబ్బు ముక్క, ఒక పాత శుభలేఖ, స్టీలు గ్లాసు. దారం మాత్రం కొనండి. చొక్కా రంగు దారం అడక్కండి, బ్యాడ్జి అంచు ఏ రంగులో ఉందో ఆ రంగు అడగండి. అంచు మీద పడిన కుట్టు అంచులో కలిసిపోతుంది. కొత్తచేతి వంకరలన్నీ దాస్తుంది.

చొక్కా వాడికి తొడిగి, బ్యాడ్జిని జేబు మీద పెట్టి చుట్టూ సబ్బుతో గీత గీయండి. చొక్కా విప్పించి ఆ గీతలోపల బ్యాడ్జి పెట్టి, వేరే రంగు దారంతో ప్లస్ గుర్తులాగా రెండు పొడుగాటి కచ్చా కుట్లు వేయండి. ఇది కదలకుండా ఉండడానికే, చివర్లో పీకేస్తాం. గుండుసూదులు పెట్టొచ్చుగా అంటారు. పెట్టొచ్చు, పక్కన చిన్నపిల్లలు లేకపోతే.

ఇప్పుడు శుభలేఖ. దాన్ని మడిచి జేబులోకి తోయండి, బ్యాడ్జి వెనక పూర్తిగా వచ్చేలా. ఇది లేకుండా కుట్టారో, జేబు గుడ్డా వెనక చొక్కా గుడ్డా కలిపి కుట్టేస్తారు. జేబు మూతపడుతుంది. చేతికుట్టు కొత్తలో అందరూ చేసే పని ఇది. కార్డు గట్టిగా ఉంటే మంచిది. ఈ మధ్య వస్తున్న దళసరి శుభలేఖలు పెళ్లికి ఎంత పనికొచ్చాయో గానీ దీనికి మాత్రం బ్రహ్మాండం.

దారం మూరెడు చాలు. మోచేతి నుంచి వేలి కొస దాకా. తొందరగా అయిపోతుంది కదా అని బారెడు తీస్తే ప్రతి కుట్టుకీ చిక్కుపడుతుంది, మీరు సూదిని తిట్టుకుంటారు. ఒంటి పేట చాలు. చివర ముడి వేసి, ఆ ముడి బ్యాడ్జికీ జేబుకీ మధ్యలో దాక్కునేలా సూదిని బ్యాడ్జి అడుగు నుంచి అంచులోకి పైకి లాగండి. ఇక అక్కడినుంచి ఒకటే పని. అంచు పక్కనే, అంచుని ఆనుకుని, జేబు గుడ్డలోకి సూది దించండి. సూది మొన కార్డుకి తగిలి కర్రుమంటుంది. ఆ చప్పుడు వినబడితే జేబు గుడ్డ దొరికినట్టే. అక్కడ సూదిని పక్కకి వాల్చి, బియ్యపు గింజంత ముందుకు పోనిచ్చి, మళ్లీ బ్యాడ్జి అంచులోంచి పైకి. దించడం, చప్పుడు, వాల్చడం, పైకి. పది కుట్లు పడేసరికి చెయ్యి దానంతటదే పోతుంది.

దారం లాగేటప్పుడు బలం చూపించకండి. బ్యాడ్జి అంచు లోపలికి ముడుచుకుంటోందంటే లాగడం ఎక్కువైనట్టు. బ్యాడ్జి అంచు దళసరిగా ఉండి సూది దిగకపోతే పళ్లతో లాగకండి, మా మావయ్య ముందరి పన్ను అలాగే పోయింది. వేలికి పెట్టుకునే ఇత్తడి టోపీ కుట్టుసామాన్ల దుకాణంలో దొరుకుతుంది. లేదంటే పాత రూపాయి బిళ్లతో సూది వెనక నొక్కండి.

చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చాక అక్కడే మూడు చిన్న కుట్లు ఒకదానిమీద ఒకటి వేసి, సూదిని బ్యాడ్జి కిందనుంచి కొంచెం దూరం పోనిచ్చి పైకి లాగి కత్తిరించండి. కొస లోపలికి జారిపోతుంది. కచ్చా కుట్లు తీసేయండి. శుభలేఖ బయటికి లాగండి. సులువుగా వస్తే మీరు గెలిచారు. రాకపోతే ఎక్కడో రెండు కుట్లు వెనక గుడ్డని పట్టుకున్నాయి, అవి మటుకు తెంపి మళ్లీ వేసుకోండి, మొత్తం విప్పక్కర్లేదు.

చేతి మీద బ్యాడ్జికి శుభలేఖ బదులు స్టీలు గ్లాసు. చొక్కా చేతిలోకి గ్లాసు దూర్చి దానిమీద కుడితే వంపు ఉన్నచోట వంపుగానే కూర్చుంటుంది. చదునుగా పరిచి కుట్టిన భుజం బ్యాడ్జి తొడుక్కున్నాక గద్ద రెక్కలాగా లేచి నిలబడుతుంది. మీ పెద్దాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. సూదిలోకి దారం వాడు ఎక్కిస్తాడు, మీ కళ్లకంటే వాడి కళ్లు నయం.

*

ప్రశ్న: కుట్టే ఓపిక లేక గమ్ముతో అంటించాను. వారానికే ఊడింది. మంచి గమ్ము ఏదైనా చెప్తారా?
ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: చెప్పను. ఒక్క పనస దుంగని తొలిచి వీణ చేసే ఊళ్లో ఉండి ఓపిక లేదంటే ఎలా అమ్మా?

కోపం తెచ్చుకోకండి, కారణం చెప్తాను. తెల్ల గమ్ము ఉతికితే పోతుంది, మీరు చూశారు. ఒక్క చుక్కకే అంటుకుపోయే గమ్ము ఇంకా ప్రమాదం. అది నూలు గుడ్డకి తగిలితే చుర్రుమని వేడెక్కుతుంది, ఒక్కోసారి పొగ కూడా వస్తుంది, వేళ్లు కాలతాయి. ఆరాక రాయిలా గట్టిపడుతుంది. ఆ తర్వాత బుద్ధొచ్చి కుడదామన్నా సూది దిగదు. పిల్లాడికి రేపు ద్వితీయ సోపాన్ వస్తే ప్రథమ సోపాన్ బ్యాడ్జి తీసి అదే చోట కొత్తది పెట్టాలి. గమ్ముతో అంటించినది తీస్తే చొక్కా గుడ్డ కూడా దానితోపాటే వస్తుంది. ప్రథమ, ద్వితీయ, తృతీయ, రాజ్య పురస్కార్, ఆ పైన రాష్ట్రపతి. ఎడమ చేతి మీద ఆ ఒక్క చోటే ఇన్నిసార్లు మారుతుంది. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, రేపు విప్పాల్సినదాన్ని విప్పడానికి వీలుగా కుట్టాలని.

కొన్ని బ్యాడ్జీల వెనక మెరిసే పొర ఉంటుంది, ఇస్త్రీపెట్టెతో నొక్కితే అంటుకుంటుంది. అది వాడొచ్చు, కుట్టేముందు కదలకుండా పట్టుకోవడానికి. పైన పల్చటి నూలు గుడ్డ వేసి, పెట్టెని అటూ ఇటూ రుద్దకుండా ఒకచోట నొక్కి పట్టండి. చొక్కా టెరికాటన్ అయితే వేడి తగ్గించండి, లేకపోతే గుడ్డ మీద మెరుపు మచ్చ పడుతుంది. ఆ తర్వాత చుట్టూ కుట్టు మాత్రం తప్పదు. మొదట లేచేది అంచే.

*

ప్రశ్న: పిన్నీసు పెడితే సరిపోదా? ఉతికేటప్పుడు తీసేయొచ్చు.
ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: మా వాడికి ఒక ఏడాది పైడితల్లమ్మ సిరిమాను పండక్కి జనాన్ని వరసలో పంపే పని ఇచ్చారు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో ఇసకేస్తే రాలదని మీకు చెప్పక్కర్లేదు. కొత్త బ్యాడ్జి, కుట్టడానికి టైము లేదు, రెండు పిన్నీసులు పెట్టి పంపాను. కోట దగ్గర తోపులాటలో ఒకటి తెరుచుకుని వాడి భుజం మీద పొడుగ్గా గీసింది. రెండోది బ్యాడ్జితో సహా ఎవరి కొంగుకి తగులుకుని వెళ్లిపోయిందో. సాయంత్రం వాడు ఇంటికొచ్చి గీత చూపించలేదు, బ్యాడ్జి పోయిందనే ఏడ్చాడు.

చెమటకి పిన్నీసు తుప్పు పడుతుంది, ఆ తుప్పు మచ్చ పోదు. ఇనప నక్షత్రాలు, రేకు బ్యాడ్జీలు మాత్రం పిన్నుతోనే వస్తాయి కాబట్టి వాటికి గుడ్డ లోపలివైపు అంగుళం ముక్క దళసరి గుడ్డ కుట్టి, రెండు గుడ్డల్లోంచీ పిన్ను గుచ్చండి. బరువుకి గుడ్డ సాగదు, ఒంటికీ తగలదు. ఉతికేముందు తీసి అగ్గిపెట్టెలో వేసి దేవుడి గూట్లో పెట్టండి. పిల్లల సొరుగులో మాత్రం పెట్టకండి.

*

ప్రశ్న: శ్రీకాకుళంలో ఒక దర్జీకి ఇస్తే మిషను మీద గిరగిరా తిప్పి రెండు జేబులూ మూసేసి ఇచ్చాడు. అడిగితే "యూనిఫాం జేబులో ఏటి పెడతారు" అన్నాడు. రథసప్తమికి అరసవల్లిలో సేవకి వెళ్తాడు మా అబ్బాయి, జేబు లేకపోతే ఎలా?
ఒక తల్లి, శ్రీకాకుళం

జవాబు: మా జాతివాణ్ణి వెనకేసుకొస్తానని అనుకోకండి గానీ, మిషను సూదికి జేబూ చొక్కా తేడా తెలియదు. జేబు చిన్నది, మిషను పాదం లోపలికి పట్టదు. సరైన పద్ధతి ఏమిటంటే జేబుని మూడు పక్కలా విప్పి, చేతిలోకి తీసుకుని, దానిమీద బ్యాడ్జి మిషనుతో కొట్టి, జేబుని మళ్లీ పాత కుట్టు గీత మీదే అతకాలి. అది పదినిమిషాల పని, బ్యాడ్జికి ఇచ్చే డబ్బులకి ఎవరూ చెయ్యరు. మీరు ముందే "జేబు విప్పి కుట్టు బాబూ, దానికి వేరే ఇస్తాను" అనండి. కుదరదంటే చేతికుట్టు వేయమనండి.

ఇప్పుడు ఉన్నదాన్ని బాగుచేయడానికి చొక్కా తిరగేసి లోపలివైపు నుంచి ఆ కుట్లు బ్లేడు మొనతో మూడింటికొకటి తెంపండి. తిప్పి పైదారం లాగితే తాడులా వచ్చేస్తుంది. పైనుంచి బ్లేడు పెట్టకండి, బ్యాడ్జి అంచు దారాలు తెగితే ఇక అది కాళ్లూ చేతులూ వేస్తుంది. ఆపైన నెల్లిమర్ల తండ్రిగారికి చెప్పినట్టే. జేబులో ఏం పెడతారంటే, విజిలు, చిన్న పుస్తకం, పెన్సిలు ముక్క, మా వాడి జేబులో అయితే ఎప్పుడూ నాలుగు చింతపిక్కలు.

*

ప్రశ్న: రెండు చొక్కాలు, బ్యాడ్జీల సెట్టు ఒకటే. పైగా పిల్లాడు ఆరునెలలకోసారి చొక్కా దాటిపోతున్నాడు. వెల్‌క్రో పెట్టిస్తే?
ఒక పాఠకురాలు, పార్వతీపురం

జవాబు: పెట్టొచ్చు, రెండు షరతుల మీద. మెత్తటి భాగం చొక్కాకి, గరుకు భాగం బ్యాడ్జికి కుట్టండి. తారుమారైతే చొక్కా ఉతికినప్పుడల్లా గరుకుది మిగతా బట్టల్ని పట్టుకుని పీకుతుంది, మీ పట్టుచీరో కండువానో బలి. రెండోది, ఆటలకి, క్యాంపుకి వెళ్లేటప్పుడు నాలుగు మూలలా ఒక్కో కుట్టు వేసి పంపండి. పోయిన బ్యాడ్జి బజార్లో కొనడం తేలిక కాదు. జేబు మీద వెల్‌క్రో నాకు నచ్చదు. దళసరిగా ఉబ్బి, జేబులో కోడిగుడ్డు పెట్టినట్టుంటుంది. భుజం పట్టీలకి బాగుంటుంది. మీకు నా సలహా, రెండో చొక్కా వానాకాలానికి తప్ప వద్దు. ఒకటే చొక్కా, చేతికుట్టు. రాత్రి ఉతికితే పొద్దుటికి ఆరే గుడ్డే కదా.

చొక్కా మారేటప్పుడు బ్యాడ్జి విప్పితే పాతచోట సూది రంధ్రాలు కనిపిస్తాయి. సెల్లో టేపు ముక్కతో దారపు నలుసులు ఏరేసి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, వేడి మీదుండగానే గోటితో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి గీకండి. గుడ్డ పోగులు దగ్గరకొచ్చి రంధ్రాలు చాలామటుకు మూసుకుంటాయి. చుట్టూ గుడ్డ ఎండకి వెలిసి బ్యాడ్జి ఉన్నచోట మాత్రం కొత్తరంగు మిగిలిపోతే దానికి మందు లేదు. దానిమీదే కొత్త బ్యాడ్జి పెట్టడమే.

*

ప్రశ్న: ఎర్ర అక్షరాల బ్యాడ్జి ఉతికితే రంగు దిగి తెల్ల పట్టీ గులాబీ అయిపోయింది. చొక్కాకి గంజి పెడితే బ్యాడ్జి ముడుచుకుపోయింది. రెండింటికీ ఏం చేయాలి?
ఒక పాఠకురాలు, పలాస

జవాబు: గులాబీ అయినదాన్ని మళ్లీ తెల్లగా చేయలేం తల్లీ. బ్లీచింగ్ వేస్తే ఎరుపు కూడా పోతుంది. కొత్తది వచ్చాక కుట్టేముందు ఒక పరీక్ష చేయండి. తెల్లగుడ్డ తడిపి అక్షరాల మీద నొక్కి పట్టండి. గుడ్డకి రంగు అంటిందా, బ్యాడ్జిని విడిగా గిన్నెలో చన్నీళ్లలో నానేసి, నీళ్లు పారబోసి, మళ్లీ నానేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా అలాగే చేయండి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని మా అత్తగారి నమ్మకం. ఆవిడ ఉన్నన్నాళ్లూ వేశాను. నీళ్లు మార్చడంలో ఉన్న గుణం ఉప్పులో నాకైతే కనిపించలేదు. కుట్టాక కూడా చన్నీళ్లే, నానబెట్టొద్దు, నీడలో ఆరేయండి.

గంజి గురించి. మన వైపు గంజి లేకపోతే యూనిఫాం యూనిఫామే కాదు, నాకు తెలుసు. పల్చటి గంజి పెట్టి, సగం తడి మీదే చొక్కా తిరగేసి దళసరి తువ్వాలు మీద వేసి వెనకనుంచి ఇస్త్రీ చేయండి. తువ్వాలు మెత్తదనంలోకి బ్యాడ్జి దిగి ఎంబ్రాయిడరీ నలగకుండా ఉబ్బుగానే ఉంటుంది. ముందునుంచి నొక్కితే లిల్లీ కాస్తా దోసె అవుతుంది.

*

ప్రశ్న: నాకు పదకొండేళ్లు. నా బ్యాడ్జి నేనే కుట్టుకుంటానంటే అమ్మ సూది ఇవ్వడం లేదు. మీరు చెప్పండి ఆంటీ.
ఒక స్కౌటు, సాలూరు

జవాబు: అమ్మా, వాడికి సూది ఇవ్వండి. గాలిపటం దారం ముళ్లు విప్పే వేళ్లు, రీఫ్ నాట్ కళ్లు మూసుకుని వేసే వేళ్లు, ఈ పనికి ఎక్కువే. బాబూ, నువ్వు కుట్టేది ముందు పాత తువ్వాలు మీద ఒకసారి. తర్వాత చొక్కా మీద. పని అయ్యాక సూదిని తలగడ మీద గుచ్చి మర్చిపోయావో, ఇంకెప్పుడూ నీ పక్షాన మాట్లాడను.

*

ప్రశ్న: నాకు ఎనభై అయిదు దాటాయి. మా ఆయన చిన్నప్పుడు, స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో, స్కౌటుగా ఉండేవారు. ఆయన గుడ్డ బ్యాడ్జి ఒకటి ట్రంకుపెట్టెలో దొరికింది. ఇప్పటి వాటిలా లేదు. మా మునిమనవడు కూడా స్కౌటు. వాడి చొక్కా మీద ఇది కుట్టొచ్చా? వాడు కబ్‌గా, అంటే స్కౌటు కాకముందు చిన్నపిల్లల జట్టులో ఉన్నప్పటి పాత బ్యాడ్జీలు కూడా ఒక గుప్పెడు ఉన్నాయి, పారేయడానికి మనసు రావడం లేదు.
ఒక పెద్దావిడ, చీపురుపల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అది ఇప్పటి వాటిలా ఉండకపోవడం సహజమే. అప్పట్లో మన దేశంలో స్కౌట్లకి ఒకటికి మించి సంఘాలుండేవి. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అని అవి కలిసింది 1950 నవంబరు 7న. గైడ్లు వచ్చి చేరింది 1951 ఆగస్టు 15న. మీ ఆయన బ్యాడ్జి అంతకు ముందుది. కాబట్టి మునిమనవడి చొక్కా మీద అది కుదరదు. యూనిఫాం మీద వాడు తెచ్చుకున్నవే ఉండాలి.

వాడి కబ్ బ్యాడ్జీలకి మాత్రం ఒక ఉపాయం ఉంది. మీ పాత చీరలు నాలుగు పొరలేసి ఒక బొంత కుట్టించండి. లేదా మీరే కుట్టండి, మీ తరానికి నేను బొంతకుట్టు చెప్పడమేమిటి! దానిమీద ఆ చరణ్ బ్యాడ్జీలన్నీ, అంటే కబ్‌ల మెట్ల బ్యాడ్జీలన్నీ వరసగా వేయండి. వేరే దేశాల్లో స్కౌట్లు క్యాంప్‌ఫైర్ దగ్గర కప్పుకునే దుప్పట్ల మీద ఇలాగే కుట్టుకుంటారు. 2023 జనవరిలో రాజస్థాన్‌లో రోహట్ దగ్గర జరిగిన జాతీయ జంబోరీకి, అంటే స్కౌట్ల పెద్ద కూటానికి వెళ్లొచ్చిన మా వీధి పిల్లాడు వేరే రాష్ట్రాల వాళ్లతో మార్చుకున్న బ్యాడ్జీలు సంచెడు తెచ్చాడు. వాటికి నేను చెప్పిన చోటు కూడా బొంతే. బ్యాడ్జీలు కాళ్లవైపు కాకుండా ఛాతీ దగ్గరికొచ్చే వైపు వేయండి. కాళ్లవైపు దుప్పటి ఎక్కువ ఉతుకుతాం, ఎక్కువ రుద్దుతాం.

ఆయన బ్యాడ్జి బొంత మీద వద్దు. అన్నేళ్ల గుడ్డకి సూది గుచ్చితే రంధ్రం పెద్దదవుతుంది. ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు. పొందూరు ఖద్దరు పాత ముక్క ఏదైనా ఉంటే, సన్నదీ మెత్తదీ కాబట్టి దానిమీద బ్యాడ్జి పరిచి, పైన పల్చటి నెట్ గుడ్డ కప్పి, కుట్టు బ్యాడ్జికి తగలకుండా దాని చుట్టూ అంగుళం దూరంలో నెట్‌నీ ఖద్దరునీ కలిపి కుట్టండి. బ్యాడ్జి లోపల ఊరికే పడుకుని ఉంటుంది. చిన్న ఫ్రేములో పెట్టి ఎండ తగలని గోడకి తగిలించండి. కుట్టేటప్పుడు మునిమనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని దారం ఎక్కించమనండి. ఆయన చేతి మీద అది ఏ పక్కన ఉండేదో మీకు గుర్తుంటే, అది కూడా వాడికి చూపించండి.